2,31,000 కిలోమీటర్లు తిప్పాక నా పికప్ గురించి, దాని గేరు గురించి

గేరు రాడ్డు తల మీది అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. అరచెయ్యి ఆనే చోట నున్నగా మెరుస్తుంది, బొటనవేలు పడే చోట చిన్న గుంట. 2017లో నల్లగొండలో కొన్న ఒకటిన్నర టన్నుల డీజిల్ పికప్ ఇది. ఐదు గేర్లు, ఇంజను బలం వెనక చక్రాలకు, పసుపు ప్లేటు మీద టీఎస్ 05. మొన్నటికి మీటరు 2,31,000 దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు బండ్లన్నీ చేసే పని దాదాపు ఒకటే, నేను చెప్పదలచుకున్నది చేత్తో వేసే గేరు గురించి.

మాది గుర్రంపోడు దిక్కు. బత్తాయి సీజన్‌లో డాలాలో (వెనక సరుకు వేసే తొట్టిలో) వరిగడ్డి పరిచి, కాయ నింపి, నల్లగొండ, నార్కట్‌పల్లి మీదుగా 65వ జాతీయ రహదారి ఎక్కి బాటసింగారం మార్కెట్‌కు పోతాను. మిగతా రోజుల్లో ఎరువు బస్తాలు, బోరు పైపులు, కాలిన మోటార్లు. అంతకుముందు మా మేనమామ దగ్గర టాటా ఏస్ ఉండేది. 2005లో వచ్చిన ఆ తొలి ఏస్ 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్ పవర్, ముందుకు నాలుగే గేర్లు. నేను గేరు నేర్చింది దాని మీదే. బలం తక్కువున్న బండి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చెవికి తెలిసిపోతుంది. ఆ చెవి ఇప్పటికీ పనికొస్తోంది.

లోడు బండికి మాన్యువల్ గేరే ఎందుకు కావాలంటానో ఘాట్ రోడ్డు మీద అర్థమవుతుంది. ఒకసారి శివరాత్రికి వారం ముందు శ్రీశైలంలో అన్నదానానికి ఇరవై అయిదు బస్తాల బియ్యం తీసుకెళ్లాను. దేవరకొండ, డిండి దాటి మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది, అడవి గేటు మూసేశారు. పొద్దున ఆరింటికి తీశాక బయల్దేరాం. ఈగలపెంట దాటాక డ్యాం కింది వంతెన దాకా దిగుడే దిగుడు, మలుపు మీద మలుపు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మా పెద్దనాయన పక్కన కూర్చున్నాడు. దిగుడు మొదలుకాకముందే అన్నాడు, "బిడ్డా, ఏ గేరుల ఎక్కుతవో ఆ గేరులనే దిగాలె. బ్రేకు ఆపెటందుకు, పట్టుకునేటందుకు కాదు."

రెండో గేరులో వేసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. ఇంజను గుర్రుమంటూ బండిని వెనక్కి పట్టింది. వెనక పన్నెండున్నర క్వింటాళ్ల బరువు తోస్తున్నా వేగం పెరగలేదు. మలుపు దగ్గర మాత్రం బ్రేకు ఒక్కసారి తొక్కి వదలడం, అంతే. మా ముందు పోయిన వ్యాను బ్రేకు లైట్లు పైనుంచి కిందిదాకా ఆరలేదు, రెండు మలుపుల తర్వాత దాని బ్రేకు లైనర్లు కాలిన వాసన మా క్యాబిన్‌లోకి వచ్చింది. లింగాలగట్టు దగ్గర ఆపి మా చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉన్నాయి, కమురు లేదు.

దిగుడులో న్యూట్రల్ వేసి డీజిల్ మిగుల్చుకుంటున్నామనుకునే డ్రైవర్లు మా దిక్కు ఇంకా ఉన్నారు. వాళ్లతో వాదించీ వాదించీ అలిసిపోయాను. ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. తాళం తీసేసి దిగేవాళ్లయితే ప్రాణాలతో ఆడుకుంటున్నట్టే. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపును తిప్పేది ఇంజనే. అది ఆగితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

బాధ పెట్టింది క్లచ్. మొదటి ప్లేటు 92,000 కిలోమీటర్లు వచ్చింది. వానాకాలం తోటలో బురద గట్టు ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్‌లో (పెడల్ సగం తొక్కి పట్టి) ఊగించి ఊగించి నేనే కాల్చుకున్నాను. అది నా తప్పే. అయితే మార్చిన షెడ్డులో కొత్త ప్లేటు వేసి, పాత రిలీజ్ బేరింగే (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడిపించేది) మళ్లీ బిగించారు. పది నెలలకు పెడల్ తొక్కినప్పుడల్లా కీచుమని అరవడం మొదలైంది. ఆ చిన్న బేరింగు కోసం గేరు బాక్సు మళ్లీ దించాల్సి వచ్చింది, కూలి మొత్తం మళ్లీ కట్టాను. బాక్సు దించిన రోజే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ మార్పించండి, ఫ్లై వీల్ (క్లచ్ ప్లేటు ఆనే ఇంజను చక్రం) ముఖం మీద గీతలున్నాయేమో దగ్గరుండి చూడండి. మూడూ కలిపి వేయించిన తర్వాత ఇప్పటిదాకా మళ్లీ బాక్సు దించలేదు.

ఆటోమేటిక్ వద్దనడం లేదు. సంక్రాంతి ముందు బాటసింగారం నుంచి ఖాళీ బండితో తిరిగొస్తూ పంతంగి టోల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు ఎడమ మోకాలు సలుపుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడి కారు ఏఎంటీ, అంటే క్లచ్, గేరు యంత్రమే వేసుకునేది, మన దగ్గర 2014లో సెలెరియోతో మొదలైన రకం. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌కు అది హాయి. కానీ దాని లోపలా ఉన్నది ఇదే క్లచ్ ప్లేటు, తొక్కేది మాత్రం యంత్రం. ముందున్న గట్టును అది చూడలేదు, బండి బరువెక్కి వేగం తగ్గాకే గేరు దించుతుంది. నేను గట్టు కనపడగానే దించుతాను. డాలాలో టన్నున్నర ఉన్నప్పుడు ఆ రెండు క్షణాల తేడాతోనే బండి ఎక్కుతుంది, లేదా మధ్యలో ఆగుతుంది.

ఖాళీగా పోతే వెనక కమాన్ కట్టలు (స్ప్రింగులు) ప్రతి గుంతకూ ఎగరేస్తాయి, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఈ బండి కొనొద్దు. లోడుతో లీటరుకు 11, ఖాళీగా 14 వస్తోంది. లైసెన్సు సంగతి చాలామంది అడుగుతారు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మరోసారి స్పష్టం చేసింది.

ఇప్పుడున్న లోపం ఒక్కటే. మూడు నుంచి రెండుకు దించితే గర్రుమంటుంది, రెండో గేరు సింక్రో రింగు (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) అరిగింది. ఏస్ మీద నేర్చిన పద్ధతిలో న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, ఒకసారి రేజ్ చేసి, మళ్లీ తొక్కి వేస్తే చప్పుడు లేకుండా కూర్చుంటుంది. వచ్చే నెల బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. బాక్సు విప్పడం దండగ, అమ్మేయమని ఇద్దరు బేరానికి వచ్చారు. రింగుకు, గేరు ఆయిల్‌కు డబ్బులు పక్కన పెట్టాను. సీజన్ మొదలయ్యేలోపు వేయిస్తాను.