ఆమదాలవలస స్టేషన్ కిరాయి కార్లు: ట్యాక్సీ ప్లేటా, ఓన్ ప్లేటా?

శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషన్ ఆమదాలవలసలో ఉండడం వల్ల, రైలు దిగినవారు శ్రీకాకుళం పట్టణం చేరడానికి మరో 13 కిలోమీటర్లు వెళ్లక తప్పదు. పగటిపూట ఆర్టీసీ బస్సులు, సర్వీసు ఆటోలు ఉంటాయి (ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో డ్రైవరు పక్కన కూడా ఇద్దరిని సర్దడం వేరే సంగతి). పిల్లాపాపలతో, సామానుతో రాత్రి రైలు దిగినవారికీ, అరసవల్లి దర్శనం చేసుకొని అటునుంచి శ్రీకూర్మం, శ్రీముఖలింగం కూడా చూసి రావాలనుకునేవారికీ మాత్రం కిరాయి కారే దిక్కు.

పసుపు నంబరు ప్లేటుపై నల్ల అక్షరాలుండి, పర్మిట్‌తో తిరిగే కారును జనం ‘ట్యాక్సీ ప్లేటు’ అంటారు. సొంత వాడకానికని రిజిస్టరై, బేరం కుదిరితే కిరాయికి బయలుదేరే తెల్ల ప్లేటు కారు ‘ఓన్ ప్లేటు’. నేను రెండింటిలోనూ ప్రయాణించాను. సౌకర్యం వరకే చూస్తే ఓన్ ప్లేటుదే పైచేయి: సీట్లు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ అడగకుండానే వేశారు, పర్మిట్ ఖర్చులు లేనందువల్ల కాబోలు కిరాయి కూడా కొంత తక్కువే. అయితే శ్రీముఖలింగం దారిలో రవాణా శాఖ వాహనం కనబడగానే డ్రైవరు వేగం తగ్గించి, “ఎవులైనా అడిగితే మా సుట్టాలమని సెప్పీయండి బాబూ” అన్నాడు. డబ్బిచ్చి ఎక్కిన కారులో బంధుత్వం కలుపుకోవలసి రావడం నాకు నచ్చలేదు.

అసలు చిక్కు తనిఖీ కాదు, బీమా. సొంత కారు పాలసీలో కిరాయికి తిప్పకూడదన్న షరతు ఉంటుంది కనుక, ప్రమాదం జరిగితే బీమా సంస్థ దానిని చూపి పరిహారానికి పేచీ పెట్టవచ్చు. పైగా ట్యాక్సీకి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాగా, సొంత కారుకు 15 ఏళ్ల వరకు ఆ పరీక్షే ఉండదు. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పినవారికి మోటారు వాహనాల చట్టంలోని 192ఎ సెక్షన్ కింద, 2019 సవరణ ప్రకారం, 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉన్నాయి.

ట్యాక్సీ ప్లేటు కార్లలోనూ లోపాలు లేకపోలేదు. నేనెక్కినది బాగా తిరిగిన బండి. వెనుక కిటికీ అద్దం చేత్తో నొక్కిపడితే గాని పైకి రాలేదు. మీటరు మాట ఎవరూ ఎత్తరు. కిలోమీటరుకు ఇంతని ఒప్పుకొన్నాక డ్రైవరు బత్తా, వెయిటింగు, పార్కింగు విడిగా అడుగుతారు కాబట్టి అన్నీ ఎక్కకముందే తేల్చుకోవాలి. అయినా డ్రైవరు ఏ గుడి ఏ వేళకు మూస్తారో తెలిసినవాడు కావడంతో, మధ్యాహ్నం తలుపులు వేసేలోగా శ్రీకూర్మం దర్శనం చేయించాడు.

కుటుంబంతో దూరం వెళ్లేవారికి, కిరాయి కాస్త ఎక్కువైనా, నేను ట్యాక్సీ ప్లేటునే సూచిస్తాను. రథసప్తమికి అరసవల్లి వెళ్లేవారు మాత్రం చాలా ముందుగానే మాట్లాడుకోవాలి. ఆ రోజుల్లో స్టేషన్ బయట పసుపు ప్లేటు ఖాళీగా కనబడడం కష్టం.