టాపప్ చేతులెత్తేసింది, సూపర్ టాపప్ ఆదుకుంది: డిడక్టిబుల్ నాకు అర్థమైన తీరు

2018 నుంచి హెల్త్ పాలసీ కడుతున్నాను. నాకు, మా ఆవిడకు, ఇద్దరు పిల్లలకు కలిపి 3 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇదే బేస్ పాలసీ), దానిపైన వేరే కంపెనీది 10 లక్షల టాపప్. తెల్ల రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ మాకు వర్తించదు. పాలసీ ఇప్పించిన ఏజెంట్ హన్మకొండలో మా కాలనీ అబ్బాయే. "మూడు లక్షల దాకా బేస్ చూసుకుంటది సార్, ఆపైన టాపప్ చూసుకుంటది, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. టాపప్ కాగితంలో "డిడక్టిబుల్ 3,00,000" అని నేనూ చదివాను. దాని పక్కనే "ప్రతి క్లెయిమ్‌కు" అని ఉన్న సంగతి మూడేళ్ల దాకా కంటికి ఆనలేదు.

డిడక్టిబుల్ అంటే బిల్లులో మొదట మన వంతు పడే మొత్తం. కొన్ని దేశాల్లో దీన్నే ఎక్సెస్ అంటారు. కారు పాలసీ ఉన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 1500 సీసీ లోపు కారుకు రిపేర్ క్లెయిమ్ పెడితే మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి కదా, అదే లెక్క. కాకపోతే ఇక్కడ వేలు కాదు, లక్షలు.

2021 ఆగస్టులో మా ఆవిడకు డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆస్పత్రిలో చేర్చాం. 1,20,000 బిల్లు బేస్ పాలసీ కట్టింది. అక్టోబరులో మడికొండ దగ్గర బండి జారి నా కాలు విరిగింది. హైదరాబాద్ తీసుకెళ్లి ప్లేటు వేయించారు. బిల్లు 2,70,000. బేస్‌లో మిగిలింది 1,80,000. నాది పాత పాలసీ, అయిపోయిన మొత్తాన్ని మళ్లీ నింపే రీస్టోర్ లేదు. మిగతా 90,000 టాపప్ ఇస్తుందన్న ధీమాతో ఉన్నాను.

డిశ్చార్జి రోజు ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఉన్న అమ్మాయి బిల్లు వెనక్కి తిప్పి పెన్నుతో రాసి చూపించింది. పైన 1,20,000, కింద 2,70,000, రెంటి మధ్య ఒక గీత. "సార్, మీది టాపప్. దేనికది విడిగా చూస్తారు. ఏదీ మూడు లక్షలు దాటలేదు. సూపర్ టాపప్ అయితే ఏడాది బిల్లులన్నీ కలిపి చూసేవాళ్లు, 90,000 వచ్చేది" అంది. కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఆ గీత వైపే చూస్తూ కూర్చున్నా. ఆ డబ్బు బావమరిది సర్దాడు. ఆ బిల్లు ఇప్పటికీ ఫైల్లో ఉంది.

2022 జనవరిలో టాపప్ వదిలేసి 10 లక్షల సూపర్ టాపప్ తీసుకున్నా. డిడక్టిబుల్ అదే 3 లక్షలు, కానీ ఏడాది మొత్తానికి ఒక్కసారే. కొత్త పాలసీ కాబట్టి వెయిటింగ్ పీరియడ్లు, అంటే కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం, మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వచ్చాయి. నాకు షుగర్ ఉంది, ఆ భయంతోనే ఉన్నాను.

అసలు పరీక్ష 2024 నవంబరులో వచ్చింది. మా ఆవిడకు వెన్నులో డిస్క్ ఆపరేషన్. అలాంటి వాటికి ఉండే రెండేళ్ల వెయిటింగ్ అప్పటికి దాటిపోయింది. బిల్లు 4,62,000. గ్లవ్స్ లాంటి లెక్కలోకి రాని సామాన్లకు 22,000 కోసేశారు. మిగిలిన 4,40,000లో బేస్ 3 లక్షలు, సూపర్ టాపప్ 1,40,000 ఇచ్చాయి. మా చేతి నుంచి పోయింది ఆ 22,000. ఒకటి గమనించండి: డిడక్టిబుల్ దాటిందా లేదా అనేది కోతలు పోగా మిగిలిన మొత్తం మీదే చూశారు. ఆస్పత్రి బిల్లు 3,10,000 ఉన్నంత మాత్రాన సూపర్ టాపప్ మొదలైపోదు.

డబ్బు వచ్చింది గానీ తిప్పలు తప్పలేదు. బేస్ క్యాష్‌లెస్‌లో పోయింది, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టింది, ఒరిజినల్ బిల్లులు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. రెండో కంపెనీ రీయింబర్స్‌మెంట్ కింద, అంటే ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకునే పద్ధతిలో, పెట్టమంది. బేస్ వాళ్ల సెటిల్‌మెంట్ లెటర్ కావాలంది, బిల్లుల కాపీల మీద ఆస్పత్రి స్టాంపు కావాలంది. ఒక్క స్టాంపు కోసం హైదరాబాద్‌కు బస్సులో పోయి వచ్చా. చేతికి వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. డిశ్చార్జికి ముందే ఇంకో సెట్ జిరాక్స్ తీయించి స్టాంపు వేయించుకోండి. రెండు పాలసీలూ ఒకే కంపెనీలో ఉంటే ఈ బాధ చాలా వరకు ఉండదట, ఇది తెలిసేసరికి ఆలస్యమైంది. చిన్న బిల్లు కదా అని కాగితాలు పారేయకండి. అదే ఏడాది రెండో బిల్లు వస్తే డిడక్టిబుల్ దాటించేది ఆ చిన్న బిల్లే.

అమ్మ పాలసీ వేరే కథ. అందులో డిడక్టిబుల్ లేదు, 20 శాతం కో-పే ఉంది, అంటే ప్రతి బిల్లులో అంత శాతం మన వాటా. నిరుడు నిమోనియాతో చేరితే లెక్కలోకి వచ్చిన 1,50,000లో 30,000 మేమే కట్టాం. "ఏడాదికోసారి పైసలు కట్టినంక మళ్ల మనమే కట్టుడేంది బిడ్డా?" అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. నా మటుకు నాకు కో-పే కంటే డిడక్టిబులే నయం. మూడు లక్షలంటే మూడు లక్షలే, ముందే తెలుసు, బేస్ పాలసీతో పూడ్చుకోవచ్చు. కో-పే బిల్లుతో పాటే పెరుగుతూ పోతుంది. బిల్లు 8 లక్షలైతే మన వాటా లక్షా అరవై వేలు. పెద్ద వయసు వాళ్లకు కో-పే లేని పాలసీ దొరికితే ప్రీమియం కాస్త ఎక్కువైనా అదే చూడండి.

2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు, ఆ మేరకు కొంచెం ఊపిరి ఆడింది. రెన్యువల్ ముందు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "డిడక్టిబుల్ 5 లక్షలు చేసుకుంటే ప్రీమియం బాగా తగ్గుతుంది సార్" అంది ఆ అమ్మాయి. నా బేస్ 3 లక్షలే కదమ్మా, మధ్యలో 2 లక్షలు ఎవరు కడతారు అని అడిగా. బేస్ పెంచుకోండి అంది. పెంచితే దానికి ఎంతవుతుందో, ఇక్కడ ఎంత తగ్గుతుందో రెండూ కలిపి చెప్పమన్నా. కనుక్కుని చేస్తానంది. మళ్లీ ఫోన్ రాలేదు. నేను పాత 3 లక్షలతోనే కట్టేశా.