భూటాన్ టూర్: పారో పండగకా, థింఫూ పండగకా?

గైడ్‌తో వెళ్లినా భూటాన్‌లో త్షేచు ఉత్సవం చూడకపోతే వెలితే. వసంతంలో పారో, శరదృతువులో థింఫూ. రెండుచోట్లా బౌద్ధ గురువు పద్మసంభవుడి పేరిట ముసుగు నృత్యాలే. భారతీయులకు రాత్రికి 1,200 రూపాయల పర్యాటక రుసుమూ ఒకటే.

థింఫూ రాజధాని కాబట్టి వసతులెక్కువ, పెద్దవాళ్లతో వెళ్తే సుఖం.

నేనైతే పారోకే వెళ్లమంటాను. చివరి రోజు తెల్లవారకముందే, గోడంత థొంగ్‌డ్రెల్ పట్టుచిత్రాన్ని విప్పుతారు. చూస్తేనే ముక్తి అని నమ్మకం. చలిలో వరుస కట్టిన జనం దాని అంచుకు నుదురు ఆనిస్తారు. ఎండ తగలకముందే మళ్లీ చుట్టేస్తారు. అందుకే ముందురాత్రి త్వరగా పడుకోండి. మర్నాడు అక్కడి నుంచే, సుమారు 3,120 మీటర్ల ఎత్తున కొండకు అతుక్కున్న తక్త్‌సాంగ్ ఆరామం ఎక్కొచ్చు.