మార్చి మొదటి వారంలో క్యూ గార్డెన్స్

లండన్‌లో ఉంటున్న మా చెల్లెలు "మే నెలలో రా అన్నయ్యా, ఇప్పుడు అక్కడేముంటుంది?" అన్నా వినకుండా, మార్చి మొదటి వారంలోనే అక్కడి పెద్ద వృక్షోద్యానం క్యూ గార్డెన్స్‌లో ఒక రోజంతా గడిపాను. ఆమె ఇల్లు ఊరికి ఆ చివర కావడంతో, పదింటికి గేటు తెరిచే వేళకు అక్కడ ఉండాలని ముందురోజు రాత్రి రిచ్‌మండ్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాను. అర్ధరాత్రి హీటరు ఆగిపోతే ఇంకో దుప్పటి తెచ్చి ఇచ్చారే తప్ప బాగుచేయలేదు. మళ్లీ అక్కడ దిగను. అయితే అక్కడి నుంచి డిస్ట్రిక్ట్ లైన్ రైల్లో ఒక్క స్టేషన్ దూరమే. టికెట్ ఆన్‌లైన్‌లో ముందుగా కొంటే కొంత తగ్గుతుంది. పేరు క్యూ అయినా ఆ ఉదయం విక్టోరియా గేటు దగ్గర క్యూ లేదు.

లోపల పచ్చికలో లక్షల క్రోకస్ మొక్కలున్నాయని విని వెళ్తే, మబ్బు పట్టిన ఆ ఉదయం అవన్నీ చెక్కిన పెన్సిల్ ముక్కుల్లా ముడుచుకుని ఉన్నాయి. వెచ్చదనం తగిలితే రేకుల లోపలి వైపు ఎక్కువగా సాగి పువ్వు విచ్చుకుంటుంది కాబట్టి, మధ్యాహ్నం ఎండ రాగానే ఆ నేలంతా ఊదారంగుకు తిరిగింది. ఇవి కుంకుమపువ్వుకు దాయాదులే గాని, ఆ పువ్వు శరదృతువులో పూస్తుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం పూలు కాదు, పని. 320 మీటర్ల పొడవున సాగే గ్రేట్ బ్రాడ్ వాక్ పూలమళ్లలో, చలికాలమంతా పురుగులకూ పిట్టలకూ ఆసరాగా వదిలేసిన ఎండుకాడలను తోటమాలులు మొదలంటా కోసి, దుబ్బుల మధ్య నల్లటి కంపోస్టు పరుస్తున్నారు. ఒకామె చేతి తొడుగు తీసి, వేలితో ఆ కంపోస్టును పక్కకు నెట్టి, గోరంత ఎర్రటి చిగురును బయటపెట్టి ముందుకు సాగింది. మే నెలలో వచ్చినవారికి ఆ చిగురు కనబడదు, దాన్ని పైకి తెచ్చిన చేతులూ కనబడవు.

గాజు ఇళ్లలో నా ఓటు పామ్ హౌస్‌కే. 1844–48 మధ్య కట్టిన ఈ ఇనుప కట్టడంలో అడుగుపెట్టగానే కళ్లజోడు మసకబారి, గోదావరి జిల్లాల్లో వర్షాకాలపు మధ్యాహ్నంలా ఉక్కపోసింది. గాలిలో తేమ తగ్గకుండా గొట్టంతో నేలను తడుపుతున్నారు. అప్పట్లో బొగ్గు కొలుముల పొగ తోట అందం చెడగొట్టకూడదని, నేల కింద సొరంగం తవ్వి దూరంగా ఒక గోపురం గుండా బయటకు పంపారట. 1775లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన సైకాడ్ (చూడటానికి తాటిచెట్టులా ఉండే ప్రాచీన జాతి మొక్క) ఒకటి, ఒరిగిన కాండానికి ఊతకర్రలతో, ఇప్పటికీ కుండీలోనే బతుకుతోంది. మిరియాల తీగ దగ్గర నాకు సామర్లకోట గుర్తొచ్చింది: వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1780లలో అక్కడే మిరియాల తోట వేసి, మన మొక్కలకు తెలుగువారు పిలిచే పేర్లు రాసుకున్నాడు. ఆయన వేయించిన మొక్కల చిత్రాల ప్రతులు ఈ క్యూలోనే భద్రంగా ఉన్నాయి.

2018లో మరమ్మతుల తర్వాత తెరిచిన టెంపరేట్ హౌస్ ఇంతకంటే విశాలం, కట్టడంగా ఇంకా అందం. కానీ చల్లగా, కొంత ప్రదర్శనశాలలా అనిపించింది. అయినా 1899లో వచ్చిన ఎన్‌సెఫలార్టోస్ వుడీ అనే మరో సైకాడ్ కోసం వెళ్లాలి. ఈ జాతిలో అడవిలో దొరికింది ఒకే ఒక్క మగ మొక్క, జత ఎన్నడూ దొరకలేదు.

వాటర్‌లిలీ హౌస్ చలికాలంలో మూసేస్తారు. పళ్లెంలాంటి ఆకుల విక్టోరియా కలువను ఏటా గింజ నుంచి కొత్తగా పెంచుతారు కనుక, అప్పటికి చూడటానికి ఏమీ ఉండదు. ఆ ఒక్క విషయంలో మా చెల్లెలి మాటే నెగ్గింది.