రీబిల్డ్ చేసిన హరికేన్ ఇంజిన్: రేణిగుంట రోడ్డు షెడ్డులో కొన్న అనుభవం

పాత మహీంద్రా సీజే3బీ జీపులకు వచ్చిన హరికేన్ పెట్రోలు ఇంజిన్లను పూర్తిగా విప్పి, బోరు చేయించి (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను కాస్త వెడల్పుగా కోయించి), మళ్ళీ బిగించి అమ్మే షెడ్డు ఒకటి తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఉంది. మా జీపులో పాత యజమాని వేయించిన డీజిల్ ఇంజిన్‌ను దించి, దాని అసలు రకం ఇంజిన్‌నే వేయించాలని అక్కడ ఒకటి కొన్నాను. ధర లక్ష రూపాయలు దాటింది. రంగు వేసి అమ్మే పాత ఇంజిన్లతో పోలిస్తే ఇది ఎక్కువే గాని, పనితనం చూశాక ఆ తేడా న్యాయమే అనిపించింది.

ఈ 2,199 సీసీ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోను (ఇంజిన్ పై మూతలోను), కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులోను (సిలిండర్లుండే ప్రధాన భాగంలోను) ఉంటాయి. సీజే3బీ బానెట్ అంత ఎత్తుగా ఉండడానికి కారణం కూడా ఈ ఇంజిన్ ఎత్తే. ఎగ్జాస్ట్ సీటుకూ (ఆ వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోటుకూ) సిలిండర్‌కూ మధ్య బ్లాకు పగిలి ఉంటే హెడ్ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు కనుక, కొనేవారు మొదట చూడవలసింది అక్కడే. మేస్త్రీ గారు ఇంజిన్ బిగించక ముందే నన్ను పిలిచి ఆ భాగాన్ని చూపించారు. సీట్లను అరగకుండా కాపాడే సీసం కలిసిన పెట్రోలు 2000లోనే ఆగిపోయింది కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేశామని కూడా వివరించారు.

ఇంజిన్‌తో పాటు ఇచ్చిన కొలతల కాగితం నాకు అన్నిటికంటే నచ్చింది. బోరు 0.030 అంగుళం ఓవర్‌సైజుకు (అసలు కొలత కంటే అంత ఎక్కువకు) చేశారని, అంటే మరొకసారి 0.040కు చేయించుకునే వీలుందని, దాన్నిబట్టే తెలిసింది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్‌లో (లోపల ఏర్పడే ఒత్తిడిలో) తేడా 10 పీఎస్ఐ లోపే ఉంది. ఇన్‌టేక్‌కు 0.018, ఎగ్జాస్ట్‌కు 0.016 అంగుళంగా రాసిన టాపెట్ సందులను (వాల్వుకూ దాన్ని కదిపే భాగానికీ మధ్య ఉంచే ఖాళీలను) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజి అనే పలుచని కొలత రేకులతో నేనే సరిచూశాను. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 111 మిల్లీమీటర్లు, అసలు బోరు (సిలిండర్ వెడల్పు) సుమారు 79 కావడం వల్ల తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది. భాకరాపేట ఘాట్‌లో ఎక్కడా మొరాయించలేదు.

లోపాలు లేకపోలేదు. పెట్రోలు పంపులోని పాత రబ్బరు డయాఫ్రమ్‌ను (పెట్రోలును నెట్టే పొరను) అలాగే వదిలేశారు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు అది ఎక్కువ కాలం నిలవదు కనుక, దాన్నీ గొట్టాలనూ నేనే మార్పించుకున్నాను. వారంటీ నోటిమాటగానే చెప్పారు, రాసివ్వలేదు. అంతకంటే ఇబ్బంది కలిగించినది బిల్లు: అందులో ‘జీపు ఇంజిన్ ఒకటి’ అని తప్ప ఇంజిన్ నంబరు లేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించాలి. మా బండికి ఇంధనం కూడా డీజిల్ నుంచి పెట్రోలుకు మారాలి. పట్టుబట్టి అడిగాక నంబరుతో మరో బిల్లు రాసిచ్చారు గాని, ఇంజిన్ ఏ బండి నుంచి వచ్చిందో తెలిపే ఆర్‌సీ నకలును కూడా డబ్బు కట్టేముందే అడిగి తీసుకోవడం మంచిది.

డీజిల్ ఇంజిన్ కోసం మార్చిన క్లచ్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గూడు), మౌంటింగులు (ఇంజిన్‌ను నిలిపే ఆధారాలు) దీనికి సరిపోవు. వాటిని షెడ్డువారు ఇవ్వరు, విడిగా వెతుక్కోవాలి. దించిన డీజిల్ ఇంజిన్‌ను మార్పిడి కింద తీసుకోరు.