మా ఊరి చెత్తబళ్లకు నా మార్కులు

మాది పర్లాకిమిడి వైపు, ఆంధ్రా బోర్డర్‌కి దగ్గర్లో ఓ చిన్న టౌను. పేరెందుకులెండి, రేపు బండి మా ఇంటి ముందు ఆగడం మానేస్తే కష్టం.

ఇక్కడ చెత్త ఎత్తేవి నాలుగు రకాల బళ్లు. నా ఓటు బ్యాటరీ బండికే. మూడు చక్రాలు, వెనక తడికొకటి పొడికొకటి రెండు అరలు. చప్పుడు ఉండదు కాబట్టి ఈల వేస్తేగానీ వచ్చిందని తెలీదు. రెండు వైపులా అరుగులున్న మా సందులో ఆవు అడ్డంగా పడుకుంటే మనిషే పక్కకి తిరిగి నడవాలి, అక్కడికీ వచ్చేస్తుంది. నడిపేది మహిళా సంఘం ఆవిడ. మా అమ్మ చేప పొలుసులూ పాల కవర్లూ ఒకే బకెట్లో వేసిందని "పెద్దమ్మా, ఇలాగైతే నేను పట్టుకెళ్లను" అని తిరిగిచ్చేసింది. తడి, పొడి, ప్రమాదకరమైనవి ఇంట్లోనే వేరు చెయ్యాలని 2016 నాటి రూల్సులోనే ఉన్నా మా ఇంట్లో అమలైంది మాత్రం ఆ రోజు నుంచే.

టాటా ఏస్ టిప్పర్ మెయిన్ రోడ్డుకి పరవాలేదు. కాకపోతే తొట్టి గోడ ఎత్తు, ముసలివాళ్లు బకెట్ పైకెత్తలేరు, డ్రైవరేమో మైకులో పాట పెట్టుకుని ఆగకుండా పోతాడు. ట్రాక్టరు కాలవ పూడికకే, పైన టార్పాలిన్ కప్పరు, సగం మళ్లీ రోడ్డు మీదే.

అసలు బాధ కంపాక్టర్‌తో. దూరం తోలడానికి మంచిదే, హైడ్రాలిక్ ప్లేటుతో నొక్కి ఎక్కువ పట్టిస్తుంది. కానీ మన చెత్తంతా కూర తొక్కలు, అరటాకులు, మిగిలిన అన్నం, నొక్కితే నీరు దిగదా! అది పట్టే ట్యాంకు నిండినా ఖాళీ చెయ్యరు, బజారు పొడుగునా కారుతుంది, ఆ వాసన మధ్యాహ్నం దాకా పోదు. పైగా బ్యాటరీ బండి రెండు అరల్లో తెచ్చిందీ ఇందులో ఒకే నోట్లో పోస్తున్నారు. అమ్మ చూడకపోతే బాగుండు.

మా బావమరిది అరిజోనాలో ఉంటాడు, ఎడారి. అక్కడ లారీ పక్కనుంచి ఓ ఇనుప చెయ్యి వచ్చి డబ్బాని ఎత్తి పోసుకుంటుంది, డ్రైవరు దిగడు. అక్కడి స్కాట్స్‌డేల్ అనే ఊళ్లో 1960ల చివర్లోనే అలాంటిది మొదలుపెట్టారట. మా సందులో ఆ చెయ్యి చాపితే ముందు ఎదురింటి అరుగు లేస్తుంది.

అయిదుకి మార్కులు: బ్యాటరీ బండికి నాలుగున్నర, వానల్లో ఛార్జింగ్ అయిపోయి రాదు కాబట్టి అర తీసేశా. టిప్పర్‌కి మూడు, ట్రాక్టర్‌కి రెండు. కంపాక్టర్‌కి ఒకటి, అదీ హెల్పర్ కుర్రాడు గ్లౌజులైనా లేకుండా పని చేస్తున్నాడు కాబట్టి వాడికి.