నిమ్మ–కొత్తిమీర, బత్తాయి–పుదీనా: సలాడ్‌కు ఏది మేలు?

గుంటూరు ఎండల్లో కీరదోస, క్యారెట్, ఉల్లి ముక్కల మీద పోసుకునే సలాడ్ డ్రెస్సింగ్‌ను ఇంట్లోనే చేసుకోదలిస్తే, నా మొగ్గు నిమ్మరసం, కొత్తిమీరల వైపే. తెనాలి నిమ్మకాయలు మనకు చేరువలోనే దొరుకుతాయి. ఒక చెంచా రసానికి 2 చెంచాల గానుగ నువ్వుల నూనె, చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన కొత్తిమీర వేసి, మూత బిగించిన సీసాలో గట్టిగా కుదిపితే అది చిక్కబడి, మసకబారి, ముక్కలకు చక్కగా పట్టుకుంటుంది; కాసేపు కదలకుండా ఉంటే నూనె మళ్లీ పైకి తేలుతుంది కనుక వడ్డించబోయే ముందే కుదపాలి.

బత్తాయి రసంలో పులుపు తక్కువ కాబట్టి నూనెను సగానికి తగ్గించాలి. పిండిన రసం నిల్వ ఉంటే చేదెక్కుతుంది, పుదీనా తరుగు నల్లబడుతుంది. అయినా పిల్లల కోసం జామ, దానిమ్మ కలిపేటప్పుడు మాత్రం నేను బత్తాయినే ఎంచుకుంటాను.